ఎవరికి తక్కువ చెడు? గోదావరి డెల్టా దళిత కథోలికుల ఓటు, మనస్సాక్షి

ఎన్నికలు దగ్గర పడినప్పుడల్లా కథోలిక శ్రీసభ తన విశ్వాసులకు రెండు మాటలు చెబుతుంది. ఒకటి, ప్రార్థన చెయ్యమని. రెండు, మనస్సాక్షి ప్రకారం ఓటు వెయ్యమని. 2024 సాధారణ ఎన్నికల ముందు కూడా అదే జరిగింది. క్రైస్తవుల మీద దాడుల గురించి ఆందోళన వెలిబుచ్చిన భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య ఆ ఏడాది మార్చి 22ను దేశం కోసం ఉపవాస ప్రార్థనల దినంగా ప్రకటించింది. అవి తపస్సుకాలం చివరి రోజులు.

సరిగ్గా ఇరవై అయిదు రోజుల తర్వాత, ఏప్రిల్ 16న, విశాఖపట్నంలోని ఎస్సీ ఎస్టీ ప్రత్యేక కోర్టు వెంకటాయపాలెం శిరోముండనం కేసులో తీర్పు చెప్పింది. ద్రాక్షారామం దగ్గరి ఆ ఊళ్లో 1996 డిసెంబరు 29న దళిత యువకులను పట్టుకుని హింసించి, అందులో ఇద్దరికి తల, కనుబొమలు గొరిగించిన కేసు అది. ఇరవై ఏడేళ్లకు పైగా నడిచింది. అప్పటి రామచంద్రపురం ఎమ్మెల్యే తోట త్రిమూర్తులును, మరికొందరిని కోర్టు దోషులుగా తేల్చి 18 నెలల జైలు శిక్ష వేసింది. తీర్పు వచ్చే నాటికి ఆయన వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ ఎమ్మెల్సీ, మండపేట అసెంబ్లీ అభ్యర్థి. పోలింగు మే 13న. శిక్ష పడ్డాక కూడా ఆయనే అభ్యర్థి.

ఇప్పుడు మండపేట నియోజకవర్గంలో ఒక దళిత కథోలిక ఓటరు ఉన్నాడనుకోండి. మనస్సాక్షి ప్రకారం ఓటు వెయ్యమని గుడిలో చెప్పిన మాట అతనికి ఏ దారి చూపిస్తుంది? ఈ ప్రశ్న ముందు పెట్టుకుని శ్రీసభ బోధనను చదవాలని మా ప్రయత్నం. మేము బయటినుంచి రాళ్లు వెయ్యడానికి ఈ పని పెట్టుకోలేదు. ఆ బోధనలో దళితులు పట్టుకోదగ్గ ఆయుధం ఉంది. అది మా పేటల దాకా రాకపోవడం మీదే మా ఫిర్యాదు.

1. బోధన ఏమంటుంది

1965లో రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన 'గౌదియుమ్ ఎత్ స్పెస్' మనస్సాక్షిని మనిషి దేవుడితో ఒంటరిగా ఉండే అంతరంగ మందిరంగా చెప్పింది. 1992 నాటి కథోలిక శ్రీసభ సత్యోపదేశం ఓటు వెయ్యడం నైతిక బాధ్యత అంటుంది. మనస్సాక్షి దానంతటది ఎప్పుడూ సరిగ్గా పలుకుతుందని మాత్రం అనదు. దానికి శిక్షణ కావాలని, తెలియకపోతే పొరబడుతుందని అంటుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోవాలి. మళ్లీ అవసరం పడుతుంది.

మరి నిలబడినవాళ్లలో ఎవరూ నైతికంగా అంగీకరించదగ్గవాళ్లు కాకపోతే? దీనికి కూడా జవాబులు ఉన్నాయి. తర్వాత పదహారవ బెనెడిక్టు పోపు అయిన కార్డినల్ రాట్జింగర్ 2004లో అమెరికా పీఠాధిపతులకు రాసిన నోటులో ఒక తేడా చూపించాడు. అభ్యర్థి చేసే చెడు కోసమే అతనికి ఓటేస్తే ఆ పాపంలో పాలు పంచుకున్నట్టే. ఆ చెడును కాదంటూనే వేరే కారణాల మీద ఓటేస్తే అది దూరపు సహకారం, ఆ చెడుకు సరితూగేంత బలమైన కారణాలు ఉంటే దాన్ని అనుమతించవచ్చు. 2007లో అమెరికా పీఠాధిపతులు ఇంకాస్త విడమరిచారు. అభ్యర్థులందరూ స్వతహాగా చెడ్డదైన పనిని సమర్థిస్తున్నప్పుడు ఓటరుకు రెండు దారులు ఉన్నాయన్నారు. అసాధారణ చర్యగా ఎవరికీ వెయ్యకుండా ఉండవచ్చు. లేదా బాగా ఆలోచించి, ఆ చెడును తక్కువగా ముందుకు తోసేవాడికి, ఇతర మేళ్లు ఎక్కువగా చేసేవాడికి వెయ్యవచ్చు. 2024 సెప్టెంబరులో పోపు ఫ్రాన్సిస్ కూడా అమెరికా ఎన్నికల గురించి అడిగిన విలేకరులకు తక్కువ చెడును ఎంచుకోమని, ఏది తక్కువో ఎవరి మనస్సాక్షి వాళ్లకు చెప్పాలని జవాబిచ్చారు.

ఈ లెక్క అంతా ఒక రకం ఓటరును మనసులో పెట్టుకుని వేసింది. ఆ ఓటరుకు అభ్యర్థి టీవీలో కనిపించే మనిషి. అభ్యర్థి చేసే చెడు ఎక్కడో చట్టసభలో, ఒక బిల్లు రూపంలో జరుగుతుంది. ముఖ్యంగా గర్భస్రావం బిల్లు. అందుకే 'దూరపు' సహకారం అనే మాట అక్కడ అతుకుతుంది. మా డెల్టాలో ఓటరుకూ అభ్యర్థి మనిషికీ మధ్య దూరం ఒక కాలవ గట్టు. అతని చేలోనే కూలి, అతని చేపల చెరువు మీదే కాపలా, ఇళ్లస్థలం పట్టాకు అతని సంతకమే సిఫారసు. అతను చేసే చెడు చట్టసభ దాకా పోనక్కర్లేదు, పేటలోకే నడిచి వస్తుంది. తల గొరిగించుకున్నవాడికి గొరిగించినవాడితో దూరపు సంబంధం ఏముంటుంది?

'తక్కువ చెడు' అన్నప్పుడు ఎవరికి తక్కువ అని అడగాలి. ఆ తూకం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు తక్కువైనదే తక్కువగా తేలుతుంది. బోధన ఈ ప్రశ్న దగ్గర మౌనంగా ఉంది.

2. మండపేట తూకం

2024లో మండపేటలో తూకానికి వచ్చిన బరువులు ఏమిటో చూద్దాం.

ఒక పక్క వై.ఎస్.ఆర్. కాంగ్రెస్. ముఖ్యమంత్రి క్రైస్తవ కుటుంబంనుంచి వచ్చినవాడు. దళిత క్రైస్తవులను ఎస్సీలుగా గుర్తించాలని 2023 మార్చిలో శాసనసభ చేత తీర్మానం చేయించినవాడు. అదే పార్టీ పాలనలో 2020 జూలైలో రాజమండ్రి దగ్గర సీతానగరం పోలీసు స్టేషనులో ఇసుక లారీల గురించి నిలదీసిన దళిత యువకుడికి గుండు కొట్టారు. 2022 మే నెలలో కాకినాడలో దళిత డ్రైవరు హత్య కేసులో ఆ పార్టీ ఎమ్మెల్సీ అనంతబాబు అరెస్టయ్యాడు, పార్టీ అప్పుడు అతన్ని సస్పెండు చేసింది. ఇక 2024లో కోర్టు దోషి అన్న అభ్యర్థి.

రెండో పక్క తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వడం కుదరదని 2022 నవంబరులో సుప్రీంకోర్టుకు చెప్పింది బీజేపీ నడిపే కేంద్ర ప్రభుత్వమే. 2023 మే నుంచి మణిపూర్‌లో గుళ్లు కాలుతున్నప్పుడు కేంద్రంలో ఉన్నదీ అదే. తెలుగుదేశం మాటకొస్తే, 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్నందుకు దళితులను సాంఘిక బహిష్కరణ చేసినప్పుడు రాష్ట్రాన్ని ఏలుతున్నది ఆ పార్టీ. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. తోట త్రిమూర్తులు 1994లో స్వతంత్రుడిగా గెలిచాడు. 1999లో తెలుగుదేశం టిక్కెట్టు మీద గెలిచాడు. 2009లో ప్రజారాజ్యం అభ్యర్థి. 2012 ఉప ఎన్నికలో కాంగ్రెస్ ఎమ్మెల్యే. 2014లో మళ్లీ తెలుగుదేశం ఎమ్మెల్యే, 2019లో కూడా తెలుగుదేశం అభ్యర్థే. ఓడిపోయాక వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌లోకి వెళ్లాడు. వెంకటాయపాలెం కేసు మెడలో ఉండగానే ఇన్ని పార్టీలు ఆయనకు కండువా కప్పాయి. కేసు ఆయనది కావచ్చు గాని, ఆయన్ను మోసిన నేరం ఒక్క పార్టీది కాదు.

కాబట్టి 'ఎవరూ అంగీకరించదగ్గవాళ్లు కారు' అన్న స్థితి ఇక్కడ ఊహ కాదు, బడిలో వేసే ధర్మసందేహం కాదు. ఈ స్థితిలో దళిత కథోలికుడి మీద రెండు వేపులనుంచి ఒత్తిడి వస్తుంది. గుడి వేపు నుంచి వచ్చేది: మన మతాన్ని కాపాడేవాడిని చూడు, బీజేపీ ఉన్న కూటమికి వెయ్యకు. పేట వేపు నుంచి వచ్చేది: మన తలకాయ గొరిగినవాడికి ఎట్లా వేస్తావు? మొదటి మాట చర్చీలో వినపడుతుంది. రెండో మాట చర్చీలో వినపడదు. అసలు చిక్కు అక్కడే ఉంది. మొదటిదాన్ని 'మనస్సాక్షి' అంటారు, రెండోదాన్ని 'కులం గొడవ' అంటారు.

మణిపూర్ భయం ఉత్తుత్తిది అని మేము అనం. గుడి కాలితే మొదట కాలేది దళితుడు కట్టుకున్న గుడిసే. కాని మతాన్ని కాపాడే పేరుతో శిరోముండనాన్ని మింగేయమని అడిగితే, ఆ కాపాడుతున్న మతంలో దళితుడికి మిగిలేది ఏమిటి?

నిజానికి శ్రీసభ బోధనే ఈ 'కులం గొడవ' అన్న మాటను ఒప్పుకోదు. గౌదియుమ్ ఎత్ స్పెస్ మనిషి గౌరవాన్ని కించపరిచే పనులను వరసపెట్టి చెప్పింది. మనిషికి తగని బతుకు పరిస్థితులు, అక్రమ నిర్బంధం, బానిసత్వం, కూలివాణ్ణి పనిముట్టుగా చూసే పని పద్ధతులు అందులో ఉన్నాయి. 1993లో రెండవ జాన్ పాల్ తన 'వెరితాతిస్ స్ప్లెండోర్' లేఖలో స్వతహాగా చెడ్డవైన పనులు ఏవో చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ జాబితానే ముందుకు తెచ్చారు. అంటే గర్భస్రావం ఉన్న జాబితాలోనే ఇవీ ఉన్నాయి. మనిషిని పట్టి కట్టేసి తల గొరగడం ఈ జాబితా కిందికి రాదని చెప్పగల వేదాంతి ఎవరు? 2003 నవంబరులో తమిళనాడు పీఠాధిపతులతో మాట్లాడుతూ ఇదే పోపు, కులం పేరుతో చూపే వివక్ష క్రైస్తవ సంఘీభావానికి విరుద్ధమని స్పష్టంగా చెప్పారు. జాబితా రోములో ఉంది. ఏలూరు మేత్రాసనంలోని ఒక లంక గ్రామపు ఉపదేశి చేతికి అది వచ్చేటప్పటికి అందులో కులం అన్న పంక్తి చెరిగిపోతోంది.

3. అభ్యర్థి ఎక్కడ తయారవుతాడు

మనస్సాక్షి బోధనలో ఇంకో లోటు ఉంది. అభ్యర్థుల జాబితా వర్షంలాగ పైనుంచి పడినట్టు, మన పని అందులో ఏరుకోవడమే అయినట్టు అది మాట్లాడుతుంది. జాబితాను తయారుచేసేది ఎవరు?

గోదావరి జిల్లాల్లో రిజర్వుడు సీట్లు తక్కువేమీ లేవు. రాజోలు, పి.గన్నవరం, అమలాపురం, కొవ్వూరు, గోపాలపురం, చింతలపూడి అసెంబ్లీ స్థానాలు, అమలాపురం పార్లమెంటు స్థానం ఎస్సీలవి. కాని 1932 పూనా ఒడంబడిక తర్వాత ఉమ్మడి నియోజకవర్గాల్లో దళిత అభ్యర్థిని గెలిపించేది దళితేతరుల ఓట్లే అయ్యాయని అంబేద్కర్ ఏనాడో చెప్పాడు. ఊరి పెద్దలకు నొప్పి తగలని దళితుడికే టిక్కెట్టు దొరుకుతుంది. పెద్దలకు నొప్పి తగిలితే ఏమవుతుందో 2022 మే 24న అమలాపురం చూపించింది. జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు దళిత మంత్రి పినిపె విశ్వరూప్ ఇల్లు, ఆ పక్క బీసీ ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు.

ఇదంతా దళితులందరికీ ఉన్న కష్టం. దళిత కథోలికుడికి దీనిపైన ఇంకో తాళం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తీశారు. క్రైస్తవులకు తియ్యలేదు. మన రాష్ట్రంలో ఎస్సీనుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను బీసీ-సిలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఆ పేరా తీసెయ్యమంది. 2022లో మళ్లీ జస్టిస్ బాలకృష్ణన్ కమిషను వేశారు. పేరా మాత్రం అలాగే ఉంది.

దీని అర్థం ఏమిటి? జ్ఞానస్నానం రిజిస్టరులో పేరున్న దళితుడు తన సొంత పేట ఉన్న రాజోలులో గాని అమలాపురంలో గాని రిజర్వుడు సీటుకు నిలబడలేడు. నిలబడాలంటే కాగితం మీద హిందువు కావాలి. కేరళలో దేవికుళం ఎస్సీ సీటునుంచి గెలిచిన ఎమ్మెల్యే ఎన్నికను 2023 మార్చిలో హైకోర్టు కొట్టేసినప్పుడు చర్చి రిజిస్టర్లే సాక్ష్యమయ్యాయి. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది గాని, భయం తోసిపోలేదు. 2025 ఏప్రిల్ 30న మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి వెళ్లి పాస్టరుగా పనిచేస్తున్న మనిషికి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పి అతను పెట్టిన కేసును కొట్టేసింది. అంటే దెబ్బ పడేటప్పుడు కులం ఉంటుంది, కేసు పెట్టేటప్పుడు మతం అడ్డొస్తుంది.

ఈ కారణంగానే మా పేటల్లో రెండు పేర్లతో బతికేవాళ్లు ఉన్నారు. గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్టులో ఒక పేరు. వీళ్లను 'అబద్ధమాడుతున్న క్రైస్తవులు' అని కోర్టులూ అంటాయి, ఒక్కోసారి గుడిలో పెద్దమనుషులూ అంటారు. మనిషి దేవుడితో ఒంటరిగా ఉండే మందిరం అని మహాసభ చెప్పిన చోటులోకి తాసీల్దారు ఆఫీసు వచ్చి కూర్చుంది. అభ్యర్థి కాలేనివాడికి, సాక్ష్యం చెప్పలేనివాడికి 'మనస్సాక్షితో ఎంచుకో' అని చెప్పడం, చేతులు కట్టేసి ఈదమని చెప్పడమే.

4. గుడి లోపల

శ్రీసభ ఈ మాట ఎందుకు గట్టిగా అనలేకపోతోంది? ఎస్సీ హోదా కోసం అది పోరాడుతోంది, నిజమే. కాని ఆ డిమాండు ఢిల్లీ మీద. ఊరిపెద్ద మీద చెయ్యాల్సిన మాట వేరే ఉంది. అది అనాలంటే తన లోపలి కులాన్ని ముందు చూసుకోవాలి. 2016 డిసెంబరులో పీఠాధిపతుల సమాఖ్యే దళిత సాధికారత విధానం పేరుతో, శ్రీసభలో దళితుల పట్ల వివక్ష ఉందని ఒప్పుకుంది. తెలుగు నేలమీద పద్దెనిమిదో శతాబ్దం నుంచి గుంటూరు ప్రాంతంలో రెడ్డి, కమ్మ కథోలికులు ఉన్నారు. గురుత్వంలో వాళ్ల పలుకుబడి అందరికీ తెలుసు. దేశంలో మొట్టమొదటి దళిత కార్డినల్ పూల ఆంథోని 2022 ఆగస్టులో మాత్రమే వచ్చారు. ఆయన తెలుగువాడు కావడం మాకు సంతోషం. కాని ఒక పీఠం మీద దళితుడు కూర్చున్నంత మాత్రాన పేటలోని విచారణ గురువు ప్రసంగం మారదు.

డెల్టాలో కథోలికులు క్రైస్తవుల్లో కూడా తక్కువమంది. లూథరన్లు, బాప్టిస్టులు, నరసాపురం వేపు బ్రదరన్లు ఎక్కువ. ఇందువల్ల ఇంకో సంగతి బయటపడుతుంది. ఒకే మాలపల్లెలో నాలుగు చర్చీలు ఉంటాయి, నాలుగింటికీ వెళ్లేవాళ్ల గాయం ఒకటే. మనస్సాక్షిని చర్చీల వారీగా విడగొడితే ఊరిపెద్దకే లాభం.

ఫాదరు గారు రాజకీయాలు మాట్లాడకూడదు కదా అని కొందరంటారు. ఫలానావాడికి వెయ్యమని చెప్పమని మేము అడగడం లేదు. మతం పేరుతో ఓటు అడగడం ఎన్నికల చట్టం ప్రకారం తప్పే, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ధర్మాసనం అది మరింత గట్టిగా చెప్పింది. కాని శిరోముండనం పాపం అని చెప్పడానికి ఏ చట్టం అడ్డం? కృత్రిమ గర్భనిరోధం పాపం అని చెప్పడానికి ఎన్నికల కమిషను అనుమతి అడగని గురువులు, ఇక్కడ మాత్రం ఎందుకు జంకుతారు?

5. మరి ఏం చెయ్యాలి

నోటా ఉంది కదా అంటారు విద్యార్థి మిత్రులు. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు చెప్పాక వచ్చిన మీట అది. 2024లో ఇండోర్ పార్లమెంటు సీటులో 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లు దానికి పడ్డాయి. అయినా గెలిచినవాడు గెలిచాడు, ఎందుకంటే నోటా ఎన్ని వచ్చినా మిగతావాళ్లలో ఎక్కువ వచ్చినవాడిదే సీటు. ఒంటరిగా, చాటుగా నొక్కిన నోటా మనసుకు ఊరట తప్ప ఇంకేమీ కాదు. అదే ఒక పేట అంతా కూర్చుని, కారణం చెప్పి, ముందే ప్రకటించి నొక్కితే అది రాజకీయం అవుతుంది. తర్వాతిసారి టిక్కెట్టు ఇచ్చేవాడు ఆ పేట ఓట్లు లెక్క పెట్టుకోవాల్సి వస్తుంది.

మా వాదన సూటిగా ఇది. దళితుల మీద అత్యాచారం కేసులో కోర్టు దోషిగా తేల్చిన మనిషికి ఓటు వెయ్యకపోవడం అమెరికా పీఠాధిపతులు చెప్పిన 'అసాధారణ చర్య' కాదు. అది కనీస చర్య. అప్పీలు చేసుకునే హక్కు ఆయనకు ఉంది, కాని మన ఓటు మీద ఆయనకు హక్కు లేదు. ఆ గీత గీసుకున్నాక మిగిలినవాళ్లలో ఎవరికి వెయ్యాలి, నోటా నొక్కాలా అన్నదాంట్లో పేటలో రెండు అభిప్రాయాలు ఉండవచ్చు. కూటమికి వేసినవాడు 1950 ఉత్తర్వును, గరగపర్రును మర్చిపోకూడదు. వాటి మీద రాతపూర్వకంగా మాట తీసుకోకుండా వేస్తే అది బేరం కాదు, లొంగుబాటు. 2024లో ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఒక్కటీ వదలకుండా అన్ని అసెంబ్లీ సీట్లూ కూటమి గెలిచింది. మండపేటలో త్రిమూర్తులు ఓడిపోయాడు. ఆ ఓటమిలో దళిత మనస్సాక్షి పాలు ఎంతో మాకు లెక్క చెప్పేవాళ్లు లేరు. ఎందుకంటే ఆ మనస్సాక్షి నోరు విప్పి ముందుగా ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే గెలిచినవాళ్ల దగ్గరికి ఈరోజు అడగడానికి వెళ్లే హక్కు ఉండేది.

మనస్సాక్షికి శిక్షణ కావాలని సత్యోపదేశమే అంటోంది కాబట్టి, ఆ శిక్షణ ఎలా ఉండాలో మేము చెబుతాం. పాపసంకీర్తనానికి ముందు చేసే ఆత్మశోధనలో అడిగే ప్రశ్నలకు ఇవి చేర్చాలి: నా ఓటు వల్ల ఎవరి తల వంగుతుంది? నా ఊళ్లో బహిష్కరణ జరిగితే నేను ఎటు నిలబడ్డాను? అగ్రకుల కథోలికుడికి ఈ ప్రశ్నలు ఇంకా ఎక్కువ అవసరం. అభ్యర్థులు తమ మీది క్రిమినల్ కేసులు అఫిడవిట్టులో రాయాలన్నది 2002 నుంచి సుప్రీంకోర్టు నిలబెట్టిన నియమం. నామినేషన్లు పడ్డాక ఆ అఫిడవిట్టును పేట మధ్యలో పైకి చదవాలి. చదువుకున్న పిల్లలు ఈ పని చెయ్యగలరు. నోటు తీసుకుని ప్రమాణం చేశాం, ఇప్పుడు మాట తప్పితే పాపం కదా అని భయపడే పెద్దవాళ్లు ఉన్నారు. చెడ్డపని చేస్తానని చేసిన ప్రమాణం మనిషిని కట్టిపడెయ్యదని శ్రీసభ పాత బోధన. ఉపదేశి ఆ మాట వాళ్లకు చెప్పాలి. అసలు నోటు తీసుకోవడమే చట్టం దృష్టిలో లంచం అని కూడా చెప్పాలి. ఇక ఈ కూర్చోవడాలు చర్చీల వారీగా కాక పేటంతా కలిసి జరగాలి, అందులో ఆడవాళ్లు మాట్లాడాలి.

ఈ డెల్టాకు ఇది కొత్త కాదు. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషను మనిషిగా బొజ్జా అప్పలస్వామి 1950లలో అమలాపురంనుంచి శాసనసభకు వెళ్లింది ఇక్కడినుంచే. ఆ రోజు పేటకు తన అభ్యర్థి ఉన్నాడు. ఎవరో ఇచ్చిన జాబితాలో తక్కువ చెడును వెతుక్కునే గతి పట్టలేదు. ఓటు రోజున ఒంటరిగా మేలుకునే మనస్సాక్షి మాకు చాలదు. టిక్కెట్లు పంచేనాటికే పేటంతా కలిసి మేలుకోవాలి, అప్పుడు శ్రీసభ ఎటు నిలబడుతుందో దాన్నిబట్టే మార్చి 22 నాటి ఉపవాసం విలువ తేలుతుంది.